అమెరికాలో అక్టోబరు అంతా రోజుకో హారర్ సినిమా చూస్తారట, నిజమేనా? భయం వేయదా?

నిజమే, చూస్తారు. అక్టోబరు 31న దెయ్యాల వేషాల పండగ హాలోవీన్ కదా, నెలంతా దాని సందడే. కానీ రోజుకొకటి లెక్కన చూసేవాళ్ళని నేను హారర్ ప్రేక్షకుల్లో కలపను. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. సెప్టెంబరులోనే 31 సినిమాల జాబితా ఎక్సెల్‌లో పెట్టుకుంటాడు, ఒక్కోటి అయ్యాక ఆకుపచ్చ రంగు పూస్తాడు. ఇరవయ్యో తారీకు దాటేసరికి ఏ సినిమాలో ఎవరు చచ్చారో ఆయనకే గుర్తుండదు. అడిగితే "అదే, ఆ అడవిలో ఇల్లు" అంటాడు. హారర్ సినిమాల్లో సగం అడవిలో ఇళ్ళే కదా! అలా చూస్తే భయమెక్కడిది, జాబితా పూర్తి చేయాలన్న టెన్షన్ తప్ప. వారానికి ఒకటి, శుక్రవారం రాత్రి, పక్కన ఇంకో మనిషి ఉండగా చూడాలి. ఇది నా అభిప్రాయమని కొట్టిపారేయకండి, పద్ధతే అది.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకు కొంచెం హక్కుంది. మేముండేది పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్‌లో. ఈ చుట్టుపక్కల పేరు చెబితే తెలుగువాళ్ళకు పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. 1970ల్లో కట్టిన గుడి. ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వచ్చి, దర్శనం చేసుకుని, పులిహోర తిని వెళ్తారు. సినిమా పిచ్చి ఉన్న అమెరికన్లకు మాత్రం ఇది శవాలు లేచి నడిచిన చోటు. జార్జ్ రొమేరో 1968 నాటి నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్‌ని ఇక్కడికి ఉత్తరాన ఎవాన్స్ సిటీ దగ్గర తీశాడు. పదేళ్ళ తర్వాత తీసిన డాన్ ఆఫ్ ద డెడ్ అయితే చాలావరకు మా మన్రోవిల్ మాల్‌లోనే. గుడి నుంచి మాల్‌కి కారులో ఎంతోసేపు పట్టదు.

అసలు అక్టోబరుకీ హారర్ సినిమాకీ ముడి గట్టిపడింది థియేటర్లలో కన్నా టీవీలో. 1957లో యూనివర్సల్ స్టూడియో పాత సినిమాలు 52 కలిపి "షాక్" అన్న పేరుతో ఊరూరి టీవీ స్టేషన్లకు అమ్మారు. స్టేషన్‌కొక యాంకరు, యాంకరుకొక వేషం. పిట్స్‌బర్గ్‌లో చానల్ 11లో బిల్ కార్డిల్ అనే ఆయన 1963 నుంచి ఇరవై ఏళ్ళు చిల్లర్ థియేటర్ అనే కార్యక్రమం నడిపాడు. ఊరంతా ఆయన్ని చిల్లీ బిల్లీ అనేవారు. రొమేరో నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్‌లో టీవీ రిపోర్టరుగా కనిపించేది ఆయనే. ఇక ఆ సినిమా ప్రతి అక్టోబరులో తిరిగి తిరిగి రావడానికి కారణం ఒక గుమాస్తా పొరపాటు లాంటిది. అప్పటి చట్టం ప్రకారం సినిమా మీద కాపీరైట్ నోటీసు కనిపించాలి. పంపిణీదారులు సినిమా పేరు మార్చి కొత్త టైటిల్ వేసినప్పుడు ఆ నోటీసు కాస్తా ఎగిరిపోయింది. దాంతో అమెరికాలో అది అందరి సొత్తయింది. ఏ స్టేషనైనా ఎవరికీ పైసా ఇవ్వకుండా వేసుకోవచ్చు. తీసినవాళ్ళ కడుపు కొట్టిన ఆ పొరపాటే సినిమాను చిరంజీవిని చేసింది. ఈ రోజుల్లో ఒక పాత సినిమా చూడాలంటే నాలుగు యాప్‌లకు నెలనెలా డబ్బు కట్టాలి, తీరా చూద్దామంటే పోయిన నెలే తీసేశామంటారు. దీన్ని మాత్రం ఎవడూ తీసేయలేడు.

ఇప్పుడు మా అత్తయ్య సంగతి చెప్తాను, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

2024లో అత్తయ్య తెనాలి నుంచి వచ్చారు. ఒక శనివారం గుడికి తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు స్వెట్టరు కొందామని మాల్‌లో ఆగాం. అక్కడ రొమేరో కంచు విగ్రహం ఒకటి కనిపించింది. కళ్ళద్దాల పెద్దాయన. "ఎవరమ్మాయ్ ఈయన, మాల్ కట్టించిన దాతా?" అన్నారు. కాదు అత్తయ్యా, శవాలు లేచి మనుషుల్ని తినే సినిమా ఇక్కడే తీశాడు, రాత్రి షాపులు మూశాక మొదలుపెట్టి తెల్లారేదాకా తీసేవాళ్ళట, క్రిస్మస్ అలంకరణలు పెట్టినన్నాళ్ళూ షూటింగ్ ఆపేశారట అని నాకు తెలిసిందంతా ఉత్సాహంగా చెప్పాను. పొద్దున్న ఏడింటికి మాల్‌లో సంగీతం దానంతటదే మొదలయ్యేదనీ, ఎలా ఆపాలో ఎవరికీ తెలియక అక్కడితో ఆ రోజు పని ఆపేసేవారనీ కూడా చెప్పాను. అత్తయ్య అదేమీ వినలేదు. "శవాలు తిరిగిన చోటికా గుడి నుంచి తిన్నగా తీసుకొచ్చావు?" అన్నారు. అవి నిజం శవాలు కావు, మేకప్ వేసుకున్న జనం అన్నాను. "వేషమైనా శవం వేషమే" అన్నారు. స్వెట్టరు లేదు, ఏమీ లేదు. ఇంటికొచ్చి తలస్నానం చేసి, నా చేత కూడా చేయించి, అప్పుడు కాఫీ తాగారు. మా ఆయన మాల్‌లోకి రాకుండా కారులోనే కూర్చుని ఫోన్ చూసుకున్నాడు కాబట్టి ఆయనకు మైల లేదట.

కాఫీ అయ్యాక గ్లాసు కింద పెట్టి, "ఏదీ, ఆ సినిమా పెట్టు" అన్నారు.

ఉచితంగా దొరికేది మొదటిదే కాబట్టి అదే పెట్టాను. నలుపు తెలుపు సినిమా. అన్నా చెల్లెలు తండ్రి సమాధి మీద పూలదండ పెట్టడానికి మూడు గంటలు కారులో వస్తారు. ప్రతి ఏడూ ఈ ప్రయాణం ఏమిటని అన్న విసుక్కుంటాడు, ఆయన మొహం కూడా నాకు గుర్తులేదంటాడు. ఒక శవం వచ్చి ముందు వాడినే పడేస్తుంది. నాకు మామూలుగా ఒళ్ళు జలదరించే చోటు అది. అత్తయ్య తొణకలేదు. "తండ్రికి పువ్వు పెట్టడానికి విసుక్కుంటే అంతే మరి" అన్నారు. మహాలయ అమావాస్య వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు. ఆ రోజు స్వయంపాకం ఇవ్వడానికి మీటింగ్ ఉందని గునిసిన వాళ్ళబ్బాయి వైపు ఒక చూపు చూశారు.

తర్వాత సినిమా అంతా ఒక ఇంట్లో. బయట శవాలు, లోపల బతికున్నవాళ్ళు. బెన్ అనే నల్లజాతి యువకుడు కిటికీలకు చెక్కలు కొట్టి పైనే ఉందామంటాడు. కూపర్ అనే బట్టతలాయన కింద సెల్లార్‌లో దాక్కుందామంటాడు. గంటసేపు ఇదే గొడవ. అత్తయ్యకు ఇంగ్లీషు అంతంత మాత్రం, నేను మధ్యమధ్యలో చెప్తున్నాను గానీ ఆ గొడవ చెప్పక్కర్లేకపోయింది. "మన వాటా గోడ గొడవ లాగే ఉంది" అన్నారు. సెల్లార్‌లో ఒళ్ళు బాగాలేని పాప చచ్చి, లేచి, కన్నతల్లిని తాపీతో పొడిచి చంపుతుంది. అప్పట్లో ఈ సీనుకు జనం థియేటర్లలోంచి లేచి వెళ్ళిపోయి ఉంటారని నా నమ్మకం. అత్తయ్య మాత్రం, "గోడపని అయ్యాక సామాను ఎత్తి పెట్టుకోవద్దూ?" అన్నారు. మామయ్యగారు ఇల్లు కట్టించినప్పుడు మేస్త్రీలతో పడ్డ బాధలు పది నిమిషాలు చెప్పారు, సినిమా ఆపి మరీ.

చివర్లో అందరూ పోయి బెన్ ఒక్కడే మిగులుతాడు. ఎలా మిగిలాడు? సెల్లార్‌లో దాక్కుని! "అయితే ఆ బట్టతలాయన చెప్పిందే రైటయింది" అని అత్తయ్య వెంటనే పట్టేశారు. నేను ఆ సినిమా ఎన్నోసార్లు చూశాను, నాకెప్పుడూ తట్టలేదు. తెల్లారాక తుపాకుల గుంపు వచ్చి బెన్‌ని కూడా శవమే అనుకుని కాల్చేస్తుంది, కొక్కేలతో ఈడ్చి మంటల్లో వేస్తుంది. ఇక్కడ అత్తయ్యకు కోపం వచ్చింది. భయం కాదు, కోపం. "రాత్రంతా కాచుకున్న పిల్లాడిని ఒక్క మాట అడక్కుండా చంపేస్తారా?" తయారైన ప్రింటును కారులో వేసుకుని న్యూయార్క్ వెళ్తుండగా రేడియోలో మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త విన్నామని రొమేరో చాలాసార్లు చెప్పాడు. అది చెప్పాను. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా లేచి పప్పు నానబోయడానికి వెళ్ళారు.

మరి భయం? అది తర్వాతి శుక్రవారం వచ్చింది. జాన్ కార్పెంటర్ తీసిన 1978 నాటి హాలోవీన్ పెట్టాను. సినిమా మొదలైన కాసేపటికి విజయవాడ నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసింది. నేను టీవీ మ్యూట్ చేశాను. అత్తయ్య ఫోన్ మాట్లాడుతూనే తెర వైపు చూస్తున్నారు. తెల్ల మాస్కు వేసుకున్న హంతకుడు పక్కింటి పెరట్లో ఆరేసిన బట్టల మధ్య నిలబడి ఉంటాడు. "ఇదిగోనే, ఇక్కడెవడో దండెం మీద బట్టలు తీయడానికి వచ్చి నిలబడ్డాడు" అని చెల్లెలికి చెప్పి నవ్వారు. ఫోన్ పెట్టేశాక సౌండ్ పెంచాను. ఆ పియానో మొదలైంది. అదే మాస్కు, అదే వీధి. అత్తయ్య కాళ్ళు సోఫా పైకి పెట్టుకున్నారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. హారర్ కంటికి సంబంధించింది కానే కాదు, చెవికి సంబంధించింది. కార్పెంటరే రాశాడు, సంగీతం కలపకముందు ఒక స్టూడియో ఉద్యోగికి సినిమా చూపిస్తే ఆవిడకు భయమే వేయలేదట. తర్వాత ఆయనే కూర్చుని సంగీతం కట్టాడు, కొలతకు అయిదు దెబ్బల లయ. మన కాలు నాలుగుకి ఆడుతుంది, అది అయిదుకి నడుస్తుంది, ఎక్కడో తప్పినట్టు ఉంటుంది. ఆ మాస్కు చూస్తే కొన్ని డాలర్లకు దొరికిన, స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్లోని కెప్టెన్ కిర్క్ మాస్కు, తెల్లరంగు కొట్టి కళ్ళ రంధ్రాలు పెద్దవి చేశారు. తీసింది కాలిఫోర్నియాలో వసంతకాలంలో. అక్టోబరులా కనిపించడానికి ఆకులకు రంగు వేసి, ఒక సీనులో చల్లినవే ఏరి ఇంకో సీనులో చల్లారు. అంటే తెర మీద ఉన్నదంతా అబద్ధం, నిజం ఆ పియానో ఒక్కటే. సైకో సినిమాలో స్నానాల గదిలో హత్య జరిగే సీనుకు సంగీతమే వద్దన్నాడు డైరెక్టరు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వినకుండా ఆ వయొలిన్లు రాశాడు కాబట్టి ఇవాళ మనం దాని గురించి మాట్లాడుకుంటున్నాం.

మన తెలుగు సినిమావాళ్ళకు ఇది ఎందుకు ఎక్కదో నాకు అర్థం కాదు. తలుపు తీస్తే ఢాం, పిల్లి దూకితే ఢాం. అది భయం కాదండీ, చెవిపోటు. పైగా హీరో స్నేహితులు నలుగురు పాడుబడ్డ బంగళాలో ఒకరినొకరు వాటేసుకుని కేకలు పెట్టడం ఒకటి. దెయ్యం కూడా జోకులు వేస్తుంది. 1992లో రాంగోపాల్ వర్మ రేవతితో తెలుగులోనూ హిందీలోనూ తీసిన రాత్రి చూడండి. అందులో పట్టపగలు కూడా ఇల్లు బాగాలేదనిపిస్తుంది. అంత చేయగలిగినవాళ్ళం, మళ్ళీ ఢాం దగ్గరికి ఎందుకు వచ్చామో.

ఆ ఏడు ఇంకో తమాషా జరిగింది. దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే పడ్డాయి. అత్తయ్య గుమ్మం ముందు ప్రమిదలు పెట్టారు. చాక్లెట్ల కోసం వచ్చిన పిల్లలు మా ఇంటి అలంకరణే బాగుందని మెచ్చుకున్నారు. పక్కింటివాళ్ళు వందల డాలర్లు పోసి నిలబెట్టిన పన్నెండడుగుల ప్లాస్టిక్ అస్థిపంజరం వెలవెలబోయింది, నాకు చాలా సంతోషమేసింది. "నరకాసురుణ్ణి చంపిన పండగనాడు రాక్షసుల్ని పిలిచి మిఠాయిలు పెడుతున్నాం" అంటూనే అత్తయ్య కొమ్ములు పెట్టుకున్న ఒక బుడ్డోడికి రెండు సున్నుండలు ఎక్కువ ఇచ్చారు. వాళ్ళమ్మ అందులో జీడిపప్పు ఉందా అని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ తీసుకుంది.

భయం వేయదా అని అడిగారు. సినిమా నడుస్తున్నంతసేపూ వేసేది అసలు భయం కాదు. ఇక్కడ బట్టలు ఉతికే మెషీను, డ్రయ్యరు బేస్‌మెంట్‌లో ఉంటాయి. పక్కనే ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్. అక్టోబరులో చలి మొదలయ్యాక అది ఉన్నట్టుండి గుర్రుమంటుంది. సినిమా అయిపోయిన అరగంటకు ఎవరో ఒకరు కిందికెళ్ళి బట్టలు తేవాలి, అసలు భయం అప్పుడు వేస్తుంది. మా ఆయన అసలు వెళ్ళడు, రేపు తెస్తానంటాడు. హాలోవీన్ చూసిన రాత్రి కూడా కిందికెళ్ళి బట్టలు తెచ్చింది అత్తయ్యే. వెళ్ళేముందు నన్ను మెట్ల పైన నిలబెట్టి, "నేను పైకి వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు" అన్నారు. ఆఫీసు సంగతులు చెప్తూ నిలబడ్డాను.

మీరు ఇండియాలో ఉంటే అక్టోబరు దాకా ఆగక్కర్లేదు. ముందు రొమేరో సినిమాతో మొదలుపెట్టండి, ఖర్చు లేదు. ఫోన్ స్పీకర్లో చూడకండి, ఒకటిన్నర స్పీడులో అసలే చూడకండి. ఇంట్లో ఉన్న పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకోండి, ఆవిడ మధ్యలో ఆపమంటే ఆపండి.