డ్రైవరు లేని కార్లు మన ఘాట్ రోడ్లకు సిద్ధమేనా?

అమెరికాలో డ్రైవరు లేని ట్యాక్సీలు తిరుగుతున్నాయి కదా, అవి మనిషి నడిపే కారుకంటే సురక్షితమన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చు, మన దగ్గరికి ఎప్పుడు వస్తాయి, ఈలోగా ఏడాస్ (ADAS, అంటే కెమెరా, రాడారుతో డ్రైవరుకు సాయపడే ఏర్పాటు) ఉన్న కారు కొనవచ్చా అని మీరు అడిగారు. నేను ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో ఉంటాను. మోటారు బీమా క్లెయిముల సర్వేయరుగా పని చేస్తున్నాను. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్, జయపురం వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి మీద దెబ్బతిన్న బండ్లను చూసి నష్టం లెక్కగట్టడంలోనే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. కాబట్టి ఇంజనీరు చెప్పినట్టు కాకుండా, క్లెయిము కాగితాల వైపు నుంచి చెబుతాను.

మీరు విన్నది ఉత్త ప్రచారం కాదు. అమెరికాలో డ్రైవరు లేని ట్యాక్సీలు నడిపే వేమో సంస్థ, తన కార్లు 2.53 కోట్ల మైళ్లు, అంటే సుమారు 4 కోట్ల కిలోమీటర్లు, తిరిగినప్పటి క్లెయిములను స్విస్ రీ అనే పెద్ద పునర్బీమా సంస్థతో (బీమా కంపెనీలకే బీమా ఇచ్చే సంస్థ) కలిసి లెక్కించి 2024 చివర్లో ప్రకటించింది. అంత దూరం మనుషులు నడిపి ఉంటే ఆస్తి నష్టం క్లెయిములు 78, గాయాల క్లెయిములు 26 వచ్చి ఉండేవని అంచనా వేయగా, వచ్చినవి వరుసగా 9, 2 మాత్రమే. వేమో తన గొప్ప తానే చెప్పుకుంటే నేను అంతగా పట్టించుకునేవాడిని కాదు గానీ, ఈ లెక్కలో చేయి పెట్టింది ప్రమాదానికి ధర కట్టడమే వృత్తిగా ఉన్న సంస్థ. పోలీసు రిపోర్టుల కంటే క్లెయిముల లెక్క నాకు నమ్మకమైనది, ఎందుకంటే చిన్న సొట్టకు పోలీసు స్టేషనుకు వెళ్లనివాడు కూడా డబ్బు కోసం బీమా ఆఫీసుకు వస్తాడు.

అయితే ఆ లెక్క ఎక్కడిది అన్నది కూడా చూడాలి. ఆ కార్లు తిరిగినవి ఫీనిక్స్, శాన్ ఫ్రాన్సిస్కో వంటి నగరాల్లో, ముందుగానే ప్రతి వీధినీ సూక్ష్మంగా మ్యాపు చేసుకున్న హద్దుల లోపల. కెమెరాలు, రాడార్లు, లేజర్ కిరణాలతో దూరాన్ని కొలిచే లైడార్లు అన్నీ ఉన్నా, బండి తికమకపడితే దారి సూచించడానికి దూరాన ఒక సిబ్బంది బృందం కూర్చుని ఉంటుంది. వాహనాల స్వయంచాలకతను 0 నుంచి 5 వరకు ఆరు స్థాయిలుగా విభజించారు. ఈ ట్యాక్సీలది 4వ స్థాయి, అంటే నిర్ణయించిన ప్రాంతంలో, నిర్ణయించిన పరిస్థితుల్లో మాత్రమే డ్రైవరు అక్కరలేదు. ఎక్కడికైనా, ఎప్పుడైనా తనంతట తాను వెళ్లగల 5వ స్థాయి కారు ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు.

మరణాల విషయంలో ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. అమెరికాలో మనుషులు నడిపే బండ్ల వల్ల సగటున 10 కోట్ల మైళ్లకు ఒకటికి కొంచెం పైగా మరణాలు సంభవిస్తాయి. కాబట్టి మనిషికంటే యంత్రం ఎక్కువగా ప్రాణాలు తీయడం లేదని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, ఒక్క మరణం కూడా లేకుండా 27.5 కోట్ల మైళ్లు తిరగాలని ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2016లో లెక్కగట్టింది. వేమో 2025 జూలై నాటికి 10 కోట్ల మైళ్లు దాటింది. గాయాలు, సొట్టల గురించి గట్టిగా మాట్లాడడానికి ఆ దూరం చాలు, ప్రాణాల గురించి అదే గొంతుతో మాట్లాడడానికి చాలదు.

ఇప్పుడు సుంకి ఘాట్‌కు రండి. శీతాకాలం తెల్లవారుజామున పొగమంచులో ముందున్న లారీ వెనుక లైటు దగ్గరికి వెళితే తప్ప కనబడదు. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది చట్టంలో ఉన్న నియమమే గానీ, వంపు దగ్గర ఎవరు ఆగుతారో తేలేది మాత్రం హారన్ మోతతో, లైట్ల తళుకుతో, కిటికీలోంచి బయటికి వచ్చిన క్లీనరు చేతితో. ముందున్న లారీ కుడి ఇండికేటరు వేస్తే "ఎదురు ఖాళీగా ఉంది, దాటిపో" అని ఒక డ్రైవరు ఉద్దేశం, "నేను కుడికి తిరుగుతున్నాను, రాకు" అని మరొకరి ఉద్దేశం. ఏది ఏదో తెలుసుకోవడానికి లారీ నంబరు ప్లేటు ఏ రాష్ట్రానిదో, అది రోడ్డు మధ్య గీతకు ఎంత దగ్గరగా నడుస్తోందో, ఆ ముందు కుడివైపు మట్టిదారి ఏదైనా ఉందో చూసుకోవాలి. ఈ దారిలో పాతకాపులు ఇదంతా ఆలోచించకుండానే చేస్తారు.

ఇంకొకటి. ఘాట్‌లో లారీ చెడిపోతే త్రికోణపు రిఫ్లెక్టరు పెట్టేవాళ్లు తక్కువ. క్లీనరు దిగి పక్క పొదల్లోంచి కొమ్మలు విరిచి, బండికి కొంత వెనుకగా రోడ్డు మీద వేసి, వాటి ముందు వరుసగా రాళ్లు పేరుస్తాడు. కొమ్మలు కనబడగానే, ఆ వంపు తర్వాత బండి ఆగి ఉందని ఇక్కడి డ్రైవరుకు తెలిసిపోతుంది. లారీ బాగై వెళ్లిపోయాక కొమ్మలు ఎండిపోతాయి, రాళ్లు అక్కడే ఉండిపోతాయి. పచ్చి కొమ్మ ఉంటే అపాయం ముందుంది, ఎండు కొమ్మ ఉంటే అపాయం ఆ రాళ్లే. ఆ రాళ్లకు తగిలి ఆయిల్ సంపు (ఇంజను కింది నూనె తొట్టి) పగిలిన కార్ల క్లెయిములు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. లైడారుకు ఆ రాయి కనబడుతుంది, అందులో నాకు అనుమానం లేదు. రాయి వెనుక ఉన్న కబురు కూడా దానికి అందుతుందా అన్నదే నా ప్రశ్న.

ఇది ఊహించి పెంచుతున్న భయం కాదు. 2023 డిసెంబరులో ఫీనిక్స్‌లో ఒక పికప్ ట్రక్కును వెనుక వైపు నుంచి ఎత్తి, వంకరగా లాక్కుపోతుండగా, వేమో కారు ఒకటి దాన్ని తప్పుగా అంచనా వేసి గుద్దింది. కొద్ది నిమిషాల తర్వాత మరో వేమో కారు వచ్చి అదే ట్రక్కును గుద్దింది. బండి ముఖం ఒకవైపు, కదలిక మరోవైపు ఉండేసరికి ఆ బండి ఎటు పోతుందో సాఫ్ట్‌వేరు సరిగా లెక్కగట్టలేకపోయింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు, 2024 ఫిబ్రవరిలో కంపెనీ లోపం సరిదిద్దడానికి సాఫ్ట్‌వేరును రీకాల్ చేసింది. కానీ ఈ ఉదంతంలో నన్ను ఆపింది ఆ రెండో కారు. మనిషి చేసిన పొరపాటు ఆ మనిషిదే అవుతుంది, సాఫ్ట్‌వేరు పొరపాటు మాత్రం అది ఎక్కిన ప్రతి కారులోనూ ఒకేసారి ఉంటుంది. మా ఘాట్‌లో చెడిపోయిన లారీని మరో లారీకి ఇనుప గొలుసుతో కట్టి, వెనుక లైట్లు లేకుండా, చీకట్లో లాక్కుపోవడం అరుదైన సంగతి కాదు.

అంతకుముందు 2018 మార్చిలో అరిజోనాలోని టెంపీలో ఉబర్ పరీక్ష కారు సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను గుద్ది చంపింది. దర్యాప్తులో తేలినదేమిటంటే, కారు ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టింది, కానీ ఒకసారి వాహనమని, మరోసారి ఏదో వస్తువని, ఇంకోసారి సైకిలని రకరకాలుగా అనుకుంటూ పోయింది. జీబ్రా గీతలు లేనిచోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఆలోచనే ఆ వ్యవస్థ తయారీలో లేదు. పొట్టంగి నుంచి సెమిలిగుడ వరకు సంత రోజున ఒకసారి వచ్చి చూడండి, జీబ్రా గీతల దగ్గర దాటేవాళ్లు ఎంతమంది ఉంటారో.

మన రోడ్లను యంత్రానికి నేర్పే పని అసలు జరగడం లేదని కాదు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వారు 2018లో హైదరాబాదు, బెంగళూరు రోడ్ల మీద తీసిన పదివేల చిత్రాలను గుర్తులు పెట్టి విడుదల చేశారు. ఆటోలు, పశువులు, తారు అంచు దాటాక బండి నడవగల మట్టి జాగా వంటివి అందులో విడివిడిగా గుర్తించి ఉంటాయి. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదులో 2022లో డ్రైవరు లేని వాహనాల కోసం టిహాన్ పరీక్షా కేంద్రం ప్రారంభమైంది. ఇవి మంచి పనులే. అయితే క్యాంపస్ లోపల నడవడానికీ సుంకి ఘాట్ ఎక్కడానికీ మధ్య దూరం చాలా ఉంది.

ఇక నా వృత్తికి సంబంధించిన అసలు చిక్కు. ప్రమాదం జరిగిందని ఫోను రాగానే నేను అడిగే మొదటి కాగితాల్లో ఒకటి డ్రైవింగు లైసెన్సు. క్లెయిము ఫారంలో ప్రమాద సమయంలో బండి నడిపినవారి పేరు, లైసెన్సు నంబరు, అది ఏ తరగతి వాహనానికి చెల్లుతుందో రాసే గడులు ఉంటాయి. పాలసీలో డ్రైవర్స్ క్లాజు అని, చెల్లే లైసెన్సు ఉన్నవారే బండి నడపాలన్న షరతు ఒకటి ఉంటుంది, దాని మీదే సగం తగాదాలు నడుస్తాయి. మన 1988 మోటారు వాహనాల చట్టం మొత్తం స్టీరింగు వెనుక ఒక మనిషి ఉన్నాడన్న నమ్మకం మీదే కట్టినది. ఆ గడి ఖాళీగా ఉన్న ఫారం నా ముందుకు వస్తే ఏం చేయాలో ఇప్పటి చట్టం చెప్పదు. అమాయకంగా రోడ్డు పక్కన నడుస్తూ దెబ్బతిన్న కూలీ, ఏ ట్రిబ్యునల్లో ఎవరి మీద కేసు వేయాలి? కారు యజమాని మీదా, కంపెనీ మీదా, సాఫ్ట్‌వేరు రాసినవాడి మీదా?

బ్రిటన్ ఈ ప్రశ్నకు ముందే జవాబు రాసుకుంది. కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు ప్రమాదం జరిగితే బాధితుడికి బీమా సంస్థే మొదట డబ్బు చెల్లించి, ఆ తర్వాత తయారీదారు దగ్గర వసూలు చేసుకోవాలని 2018లోనే చట్టం చేసింది. యంత్రం ఎలా నడిపిందన్నదానికి లోపల కూర్చున్న మనిషి కాక, అనుమతి పొందిన సంస్థ బాధ్యత వహించాలని 2024 చట్టంలో చేర్చింది. నా దృష్టిలో కారు రావడానికి ముందు రావలసినది ఇది. దీనితోపాటు ప్రమాదానికి ముందూ వెనుకా కారు రికార్డు చేసిన సమాచారం మొత్తం కంపెనీ ఇష్టంతో పని లేకుండా దర్యాప్తు చేసేవారికి అందాలి. 2023 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో మరో కారు గుద్దిన మహిళ, జనరల్ మోటార్స్‌కు చెందిన క్రూజ్ సంస్థ డ్రైవరు లేని కారు ముందు పడింది. ఆ కారు ఆమెను గుద్ది, ఆగి, తర్వాత పక్కకు జరగబోయి సుమారు ఆరు మీటర్లు ఈడ్చుకుపోయింది. ఈడ్చుకుపోయిన సంగతిని కంపెనీ తమకు పూర్తిగా చెప్పలేదని ఆ రాష్ట్ర వాహనాల శాఖ అనుమతిని నిలిపివేసింది. 2024 డిసెంబరుకల్లా జనరల్ మోటార్స్ ఆ ట్యాక్సీల వ్యాపారాన్నే మానుకుంది. గుద్దడంకంటే దాచడం కంపెనీని ఎక్కువ ముంచిందని నా అభిప్రాయం.

మన దేశంలో అనుమతి మాట వస్తే, కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2017లోనూ, 2023లోనూ డ్రైవర్ల ఉపాధిని కారణంగా చూపి వద్దన్నారు. 70, 80 లక్షల మంది జీవనం పోతుందన్నది ఆయన వాదన. లారీ లైనులో బతికే కుటుంబాలు జయపురంలో ఎన్నో ఉన్నాయి కాబట్టి ఆ బాధ నాకు తెలుసు, కానీ అది భద్రత మీద వాదన కాదు. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. నేను చూసే ఫైళ్లలో నిద్రమత్తు, మందు, వంపులో ఓవర్‌టేకు, డీజిలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్‌లో వదలడం పదే పదే కనబడతాయి. వీటిలో ఏ ఒక్కటీ యంత్రం చేయదు. అందుకే నేను వద్దనేవాడిని కాను. నాలుగు వరుసల రహదారి మీద, కంచె ఉన్నచోట, పగటిపూట, బాధ్యత రాతపూర్వకంగా తేలాక మొదలుపెడితే అభ్యంతరం లేదు. ఘాట్ వరుసలో చివరిది కావాలి.

ఏడాస్ కారు సంగతికి వస్తే, కొనండి, కానీ అది 2వ స్థాయి అని, అంటే స్టీరింగుకూ బ్రేకుకూ సాయం మాత్రమేనని, బాధ్యత పూర్తిగా మీదేనని గుర్తుంచుకోండి. తానే బ్రేకు వేసే ఏర్పాటు వల్ల చిన్న ప్రమాదాలు తప్పడం నేను చూశాను. రోడ్డు మీది గీతల మధ్య వరుస (లేన్) దాటకుండా స్టీరింగును సరిచేసే ఏర్పాటును మాత్రం గీతలు చెరిగిపోయిన ఘాట్‌లో ఆపేసుకోవడం మేలు, గుంత తప్పించబోయినప్పుడు చేతికి ఎదురు తోస్తుంది. వర్షంలో ముందు బంపరు రాడారుకు ఎర్రమట్టి పడితే వ్యవస్థ పనిచేయడం మానేయవచ్చు, గుడ్డతో తుడిస్తే చాలు. అన్నిటికంటే ముఖ్యం ముందు అద్దం. రాయి తగిలి అద్దం మారిస్తే దాని వెనుక ఉన్న కెమెరాను మళ్లీ కాలిబ్రేషన్ చేయించాలి, అంటే దాని గురిని పరికరంతో సరిచేయించాలి. ఈమధ్య ఒక క్లెయిములో అద్దం బిల్లు వచ్చింది, కాలిబ్రేషన్ ఊసే లేదు. అడిగితే ఆ వర్క్‌షాపులో అందుకు కావలసిన పరికరమే లేదని తేలింది. ఆ కారు కెమెరా కాస్త పక్కకు చూస్తూ, డ్యాష్‌బోర్డు మీద ఏ హెచ్చరికా లేకుండా తిరుగుతోంది. యజమానిని విశాఖపట్నం పంపి చేయించాక గానీ నేను రిపోర్టు మీద సంతకం చేయలేదు. మీరు అద్దం మార్పించినప్పుడు కాలిబ్రేషన్ రిపోర్టు ప్రింటు అడగండి, అది చేతికి ఇచ్చేవరకు బండి డెలివరీ తీసుకోకండి. ఆ ఖర్చు మీ పాలసీలో వస్తుందో లేదో కూడా కొనేముందే ఏజెంటుతో రాయించుకోండి.