తుమ్మలపల్లె యురేనియం ఫ్యాక్టరీలో ఏం చేస్తారు? ఊరికి ఏం ఒరిగింది?

కడప జిల్లా వేముల మండలంలోని ఈ గని, మిల్లు రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ (యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా)వి. 1967లో పుట్టిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం జార్ఖండ్‌లోని జాదుగూడలో ఉంది. ఇక్కడ 2007లో శంకుస్థాపన చేశారు.

జాదుగూడలో యురేనియాన్ని యాసిడ్‌తో తీస్తారు. ఇక్కడ ఆ పప్పులుడకవు. మన రాయిలో సున్నం శాతం ఎక్కువ. బండల మీద నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగుతుంది చూడండి, అలా యాసిడంతా రాయే తాగేస్తుంది. అందుకే రాయిని పొడి చేసి, సోడా ద్రావణంలో వేడి, ఒత్తిడి పెట్టి యురేనియం లాగుతారు. చివరికి వచ్చే పసుపు పొడి హైదరాబాద్‌లోని అణు ఇంధన కర్మాగారం ఎన్‌ఎఫ్‌సీకి వెళ్లి రియాక్టర్ ఇంధనమవుతుంది.

రాయిలో యురేనియం ఉండేది పిసరంతే. మిగతాదంతా బురదై టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాల చెరువుకు చేరుతుంది. అసలు గొడవ అక్కడే. ఆ పాండ్ దగ్గరి ఊరు కేకే కొట్టాల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. తమ వల్ల కాదంటుంది సంస్థ. భూములిచ్చిన కుటుంబాల్లో కొందరికి ఉద్యోగాలొచ్చిన మాటా నిజమే. నన్నడిగితే, జీతమొచ్చే ఇల్లూ బోరు మీద బతికే ఇల్లూ ఒకే జవాబు చెప్పవు.