పసిపిల్లల బడి పెట్టబోతున్న మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మాయికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

బరంపురంలో మీ ఇంటి కింది వాటాలో మూడేళ్ళు మొదలు ఆరేళ్ళ లోపు పిల్లలకు ఆటపాటల బడి తెరుస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. మన ఇంటి పిల్ల ఈ పనికి పూనుకున్నదని ఎంత సంతోషంగా ఉందో, అంత భయంగానూ ఉంది. పర్లాకిమిడిలో ఇరవై తొమ్మిదేళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసిన దానిని కనుక, ఆ భయం ఎక్కడిదో నీకు చెప్పేదాకా నా మనసు కుదుటపడదు.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. నీళ్ళ తొట్టికి మూత ఉంచు, మరుగుదొడ్డి లోపలి గడియ తీయించు, తల్లుల ఫోను నంబర్లు గోడ మీద రాయించు. చింతగింజలు, గోళీలు చిన్నపిల్లల చేతికి ఇవ్వకు, ముక్కులో దూర్చుకుంటారు. ఖరీదైన బొమ్మల జోలికి పోవద్దు. మహారాష్ట్రలోని కోస్బాడ్‌లో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ గార్లు చుట్టుపక్కల దొరికే వస్తువులతోనే గిరిజన పిల్లలకు చదువు చెప్పారు. నీకు కొబ్బరిచిప్పలు, వెదురుబుట్టలు, తడి ఇసుక చాలు.

రెండో నెలకే తల్లిదండ్రులు వచ్చి "మావాడికి అ ఆలు ఎప్పుడు దిద్దిస్తారు" అని అడుగుతారు. తొందరపడకు. పుట్టినప్పుడు బిడ్డ మణికట్టులో ఉండేది మెత్తని మృదులాస్థి మాత్రమే. అక్కడి ఎనిమిది ఎముకలూ ఒక్కొక్కటిగా గట్టిపడడం ఎనిమిదో ఏడు దాటినా పూర్తి కాదు. పిండి పిసికి, చిప్పతో నీళ్ళు పోసి, ఇసుకలో వేలితో గీతలు గీసిన చెయ్యి తరువాత పలక మీద దానంతట అదే కుదురుకుంటుంది. ఈ మాట వాళ్ళకు ఓపికగా చెప్పు.

నువ్వు పంపిన టైమ్‌టేబుల్ చూసి మాత్రం నాకు కోపం వచ్చింది. పది నిమిషాలకొక పీరియడ్ ఏమిటమ్మా? గుజ్జనగూళ్ళ ఆటలో అమ్మ ఎవరు, అత్త ఎవరు, పొయ్యి ఎక్కడ అని తేలడానికే పావుగంట పడుతుంది; అసలు ఆట ఆ తరువాతే మొదలవుతుంది. పిల్లలు తమంతట తాము ఆడుకునే సమయం ముప్పావుగంట కంటే తగ్గించకు. నీ నాలుగో ఏట మా పెరట్లో జామాకుల విస్తళ్ళు వేసి, చుట్టాలు తినకుండా నేను అన్నానికి రానని భీష్మించుకుని కూర్చున్నావు. నిన్ను లేపడానికి ఆ రోజు నాకు మనసు రాలేదు.

ఇక నా చేతుల మీదుగా జరిగిన తప్పు. మా కేంద్రంలో రోజూ ఒకే వరుస ఉండేది: ఆట, పాట, కథ, బయట ఆట, చేతులు కడుక్కోవడం, భోజనం, చివర ఇంటికి వెళ్ళే పాట. ఆ పాట అయ్యే వేళకు తల్లులు వరండాలో ఉండేవారు. ఒక రోజు నాకు మీటింగు పడింది. గంట ముందే అన్నం పెట్టించి, పాట కూడా పాడించేసి, పెద్దపిల్లలతో తల్లులకు కబురు పంపి, రిజిస్టరు రాసుకుంటూ కూర్చున్నాను. ఆయమ్మ వెనక గిన్నెలు కడుగుతున్నది. మూడున్నరేళ్ళ పిల్లవాడొకడు చెప్పులు తీసుకుని బయటికి నడిచాడు. వాడి తల్లి కూలిపనికి వెళ్ళేది. ఆమెకు కబురు అందలేదు. తల ఎత్తి చూసేసరికి వాడు లేడు.

ఇరవై నిమిషాలు వెతికాము. వీధి చివరి చెరువు పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బడి గోడ పక్కన పెట్టమని నేను నేర్పినట్టే, చెప్పులు రెండూ జతగా పక్కన పెట్టుకున్నాడు. "పాట అయిపోయింది, అమ్మ రాలేదు" అన్నాడు. తల్లి వచ్చాక జరిగినదంతా చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, పాదాలు తడిగా ఉన్నాయేమోనని రెండు చేతులతో తడిమి చూసింది. ఆ తరువాత చాలా రోజులు, పాట మొదలుపెట్టగానే వాడు వచ్చి నా కొంగు పట్టుకునేవాడు.

ఆ వయసుకు గడియారం తెలియదు. దేని తరువాత ఏది వస్తుందో తెలుసు, అంతే. పాట తరువాత అమ్మ వస్తుందని వాడికి నేర్పినదానిని నేనే. అందుకే రోజు వరుసను బొమ్మలుగా గీసి పిల్లల కంటి ఎత్తున గోడకు అంటించు. ఏదైనా మారక తప్పకపోతే, పొద్దున్నే వాళ్ళ ఎదుటే ఆ బొమ్మ తీసి, దాని చోట ఏది వస్తుందో చూపించు. మధ్యలో ఏది మార్చినా, చివరి పాటను మాత్రం తల్లులు గేటు దగ్గరికి వచ్చేదాకా మొదలుపెట్టకు.

మధ్యాహ్నం కూడా ఉంచుకుంటే పడుకోబెట్టడం మరువకు. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి.

నీ బడికి తెలుగు ఇళ్ళ వాళ్ళూ, ఒడియా ఇళ్ళ వాళ్ళూ, బహుశా సవర ఇళ్ళ వాళ్ళూ వస్తారు. 1880లో మన ఊళ్ళో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. నువ్వు అంత చేయనక్కరలేదు. దాహం, నొప్పి, భయం, దొడ్డికి వెళ్ళాలి, అమ్మ కావాలి అనే మాటలు ఏ బిడ్డ ఎలా అంటుందో తల్లులను అడిగి, చేరిన రోజే రాసుకో.

బడి తెరిచే తేదీ రాయి. ముందురోజు బస్సుకే వస్తాను. నాకు గేటు దగ్గర ఒక కుర్చీ వేయించు. చివరి పాట ఎత్తుకునే ముందు ఒకసారి నా వైపు చూడు. తల్లులందరూ వచ్చారో లేదో నేను చెబుతాను.

ఇట్లు,
నీ మేనత్త,
పర్లాకిమిడి