పర్సనల్ లోన్ తీసుకుని బ్యాండ్ ఆల్బమ్ చేయొచ్చా?

ప్రశ్న: మేం నలుగురం కొన్నేళ్లుగా కలిసి వాయిస్తున్నాం. సొంత పాటలు ఎనిమిది ఉన్నాయి కానీ ఒక్కటీ సరిగ్గా రికార్డు కాలేదు. నలుగురిలో నెలజీతం వచ్చేది నాకొక్కడికే, నేను బేస్ వాయిస్తాను. మిగతావాళ్లకు ప్రోగ్రామ్ ఉంటేనే డబ్బు. ఒక స్టూడియో ఆరు రోజులకు కొటేషన్ ఇచ్చింది, మిక్సింగ్ (విడివిడి ట్రాకులను ఒక పాటగా కలపడం) అందులో లేదు. నా పేరున మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే ముగ్గురూ నెలనెలా సర్దుతామంటున్నారు. డ్రమ్మర్ నాకు ఇదివరకే కొంత బాకీ, అడగాలంటే మొహమాటం. కాదంటే బ్యాండే ఉండదేమోనని భయం. ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: లోన్ తీసుకోకండి. ఎనిమిది పాటలు కూడా ఇప్పుడు వద్దు. మూడు పాటలతో మొదలుపెట్టండి. అందుకు కావలసిన డబ్బు నలుగురి చేతా ముందే పోగు చేయించండి. తక్కువ పడితే మీరు వేసేది ఎంతో, ఏ షరతు మీదో రికార్డింగ్‌కు ముందే కాగితం మీద పెట్టండి.

లోన్ ఎందుకు వద్దంటున్నానో లెక్కలో చూడండి. 100 అప్పు తీసుకున్నారనుకుందాం. ఏడాదికి 15 శాతం వడ్డీ, 36 నెలల గడువు. ఈఎంఐ నెలకు దాదాపు 3.47, మొత్తం చెల్లించేది 124.8. నలుగురూ పంచుకుంటే మీ వాటా నెలకు 0.87 మాత్రమే, తేలిగ్గానే కనిపిస్తుంది. మీ స్నేహితులు అబద్ధమాడుతున్నారని నేను అనడం లేదు. వాళ్ల రాబడికి తేదీ లేదు, ఈఎంఐకి ఉంది. చిక్కంతా అక్కడే. ప్రోగ్రాములు లేని రెండు నెలలు వరసగా వస్తే 3.47 మొత్తం మీ జీతంలోంచే పోతుంది. బ్యాంకుకు తెలిసింది మీ పేరొక్కటే. చెక్కు వెనక్కి వెళ్లినా క్రెడిట్ స్కోరు తగ్గేది మీదే. ‘లోన్ నేను తీసుకుంటా, నువ్వు హామీ సంతకం పెట్టు చాలు’ అని వాళ్లలో ఒకరు అన్నా సరే, ఒప్పుకోకండి. అసలు అప్పుదారు కట్టకపోతే హామీదారే కట్టాలి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 36 నెలలు అంటే చాలా బ్యాండ్లు సభ్యులను మార్చుకునేంత కాలం. బ్యాండు వదిలి వెళ్లినవాడు వాయిదా కట్టడం కొనసాగించాలంటే చాలా మంచివాడై ఉండాలి. స్నేహితుడి మంచితనాన్ని అంతగా పరీక్షించే ఏర్పాటు మీ చేతులతో మీరే చేయకండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతి. ఆరు నెలల ఇంటి ఖర్చు వేరుగా ఉందా? లేకపోతే ఆ డిపాజిట్టే మీ అత్యవసర నిధి, దాన్ని కదపకండి. ఆ నిధి వేరుగా ఉంటే, మిగిలినదాంట్లో పూర్తిగా పోయినా మీ ఇతర ప్రణాళికలేవీ మారనంత మొత్తం మాత్రమే పాటలకు పెట్టండి. గడువుకు ముందు విరిస్తే వడ్డీ కోత పడుతుంది కాబట్టి, కొంత భాగమే తీసుకునే వీలుందేమో కనుక్కోండి.

ఇప్పుడు స్టూడియో కొటేషన్. మిక్సింగ్ లేని కొటేషన్ సగం కొటేషనే. శ్రద్ధగా చేస్తే పాటకు సుమారు ఒక రోజు మిక్సింగ్ పడుతుంది, ఆపై మార్పులు. ఎనిమిది పాటలకు ఎనిమిది రోజులు, అంటే వాద్యాలు, గొంతు రికార్డు చేయడానికి మీకు చెప్పిన ఆరు రోజుల ట్రాకింగ్‌ కంటే ఎక్కువ. మాస్టరింగ్, అంటే మిక్స్ అయిన పాటకు విడుదలకు ముందు చేసే చివరి మెరుగు, వేరు. డబ్బులేని బ్యాండ్లు ఎక్కువగా చితికేది ఇక్కడే: ఉన్నదంతా ట్రాకింగ్‌కు ఖర్చయిపోతుంది, మిక్స్ కాని ఫైళ్లు హార్డ్ డిస్కులో ఏళ్ల తరబడి పడి ఉంటాయి, ఎవరి వల్ల ఆగిందన్న వాదన మొదలవుతుంది.

మూడు పాటల మొత్తం ఖర్చు 100 అనుకుంటే నేను ఇలా విడగొడతాను: ట్రాకింగ్‌కు 35, మిక్సింగ్‌కు 30, మాస్టరింగ్‌కు 8, కవర్ బొమ్మ, డిస్ట్రిబ్యూషన్ (స్ట్రీమింగ్ సైట్లకు పాట చేర్చడం), విడుదల పనులకు 12, అనుకోని ఖర్చులకు 15. ఈ చివరి 15ను ముందే వాడేయకండి, ఎక్కడో ఒకచోట తప్పకుండా అవసరం పడుతుంది.

స్టూడియోలో డబ్బుకు తగ్గ గది, మైకులు కావలసింది ముఖ్యంగా డ్రమ్స్‌కే. కిక్‌కు ఒకటి, స్నేర్‌కు పైనా కిందా, హై హ్యాట్‌కు, ఒక్కో టామ్‌కు, పైన ఓవర్‌హెడ్ రెండు, గదికి ఒకటో రెండో, మొత్తం 8 నుంచి 12 చానెళ్లు. ఇది ఇంట్లో జరిగే పని కాదు. కాబట్టి ఒక్క రోజు తీసుకుని డ్రమ్స్, బేస్ కలిపి వాయించండి, గిటార్, గొంతు గైడ్‌గా వినిపిస్తూ ఉండాలి. 10 గంటల రోజులో సెట్ చేయడానికి, శ్రుతికి, సౌండ్ చూసుకోవడానికి మూడు గంటలు పోతాయి. విరామాలు గంట. మిగిలింది ఆరు గంటలు, పాటకు రెండు గంటలు. నాలుగో పాట ‘వీలైతే’ అని జేబులో పెట్టుకుని వెళ్తే మూడూ తొందరపాటుతో పాడవుతాయి. గిటార్ ఇంట్లో డీఐ సిగ్నల్‌గా, అంటే ఆంప్ లేకుండా నేరుగా, తీసుకోవచ్చు, ఆంప్ ధ్వని తర్వాత వేసుకోవచ్చు. గొంతుకు మాత్రం చెరి నాలుగు గంటల రెండు పూటలు వేర్వేరు రోజుల్లో పెట్టండి. ఒకే రోజు మూడు పాటలు పాడిస్తే మూడో పాటలో అలసట వినిపిస్తుంది, దాన్ని ఏ ప్లగిన్ దాచలేదు.

స్టూడియో గంటలు తగ్గించే పనంతా రిహార్సల్ గదిలోనే ఉంది. ప్రతి పాట వేగం ఇన్ని బీపీఎం (నిమిషానికి బీట్లు) అని ముందే తేల్చి, కనీసం నెలరోజులు క్లిక్‌తో (చెవిలో టక్ టక్ అని వేగం చెప్పే శబ్దంతో) వాయించండి. అలవాటు లేని డ్రమ్మర్ స్టూడియోలో మొదటిసారి క్లిక్ వింటే టేకులు రెట్టింపవుతాయి, లేదా మిక్స్‌కు ముందు డ్రమ్ ఎడిటింగ్ అని వేరే బిల్లు వస్తుంది. మీ డ్రమ్మర్‌కు ఇది నేరం మోపినట్టుగా కాకుండా, నలుగురి సాధనగా పెట్టండి. మీ బేస్ కూడా అదే క్లిక్‌కు కుదరాలి కదా. ఫోన్‌లో డెమో తీసుకుని వినండి, ఎక్కడ ఏ వాద్యం ఆగాలో అప్పుడే తేలిపోవాలి. గిటార్ తీగలు ముందురోజు మార్చి లాగి శ్రుతి నిలిపి ఉంచండి. డ్రమ్ హెడ్లు ఒకటి రెండు రోజుల ముందు మార్చి కొట్టి స్థిరపరచండి. అదే ఉదయం మార్చితే శ్రుతి జారుతూనే ఉంటుంది, గంట డబ్బు పోతుంది.

మిక్స్ దగ్గర స్నేహాలు ఎక్కువగా దెబ్బతింటాయి. నలుగురూ ఇంజినీరుకు వేర్వేరుగా మెసేజీలు పెడతారు, ఒకరు గిటార్ పెంచమంటే ఇంకొకరు తగ్గించమంటారు. కొటేషన్‌లో సాధారణంగా రెండు మూడు విడతల మార్పులే ఉంటాయి, ఆపైన ప్రతి విడతకూ డబ్బు. కాబట్టి ఇంజినీరుతో మాట్లాడేది ఒక్కరే. నలుగురూ విడివిడిగా విని, నిమిషం సెకను వేసి రాసి, కలిసి కూర్చుని గొడవ ఏదున్నా అక్కడే తేల్చుకుని, ఒకే జాబితా పంపాలి. ముందే అడిగి రాయించుకోవలసినవి: ఎన్ని విడతల మార్పులు, పాడిన మిక్స్‌తో పాటు గొంతులేని మిక్స్ ఇస్తారా, విడి ట్రాకుల ఫైళ్లు మీకు ఇస్తారా, అడ్వాన్సు ఎంత, తేదీ మార్చుకుంటే అడ్వాన్సు పోతుందా. ఫైళ్ల విషయంలో పిసినారితనం వద్దు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ. నాలుగు నిమిషాల పాటకు 20 ట్రాకులుంటే 700 ఎంబీ దాకా, టేకులన్నీ కలిపితే దానికి రెండు మూడు రెట్లు. రెండు వేర్వేరు డిస్కుల్లో, ఇంకొకటి క్లౌడ్‌లో పెట్టండి. డిస్కులు రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు.

ఇక డబ్బు పోగు చేయడం. బ్యాండ్ పేరున వేరే ఖాతా తెరవండి, డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు. నలుగురూ సమానంగా వేయాలన్న పట్టుదల న్యాయంగానే కనిపిస్తుంది గానీ, తక్కువ సంపాదించే మనిషి దానికోసం అప్పు చేస్తే అదే స్నేహానికి చేటు. నా సలహా: నలుగురిలో తక్కువ రాబడి ఉన్నవారు అప్పు చేయకుండా ఇవ్వగలిగిన మొత్తమే అందరి నెలవారీ వాటా. దానికి తోడు ప్రతి ప్రోగ్రామ్ డబ్బులో పంచుకోవడానికి ముందే 30 శాతం ఖాతాకు. ముందే అన్న మాట ముఖ్యం, చేతికొచ్చాక వెనక్కి అడిగితే అది అప్పు అడిగినట్టే ఉంటుంది. ఉదాహరణకు 100 లక్ష్యమనుకుంటే, నలుగురూ నెలకు 1.5 చొప్పున వేస్తే 6, ప్రోగ్రామ్‌ల కోత సగటున 4 వస్తే పది నెలల్లో సరిపోతుంది. ఆ పది నెలల్లో క్లిక్‌తో సాధన, డెమో ఎలాగూ కావాలి.

తొందరగా ముగించాలనుకుంటే తగ్గినదాన్ని మీరు వేయవచ్చు. అప్పుడు ఆ డబ్బు కానుకా, అప్పా, వాటానా అన్నది వెయ్యకముందే నలుగురికీ తెలిసి ఉండాలి. కానుకంటే మళ్లీ అడగకూడదు, ‘నేనే పెట్టాను’ అన్న మాట ఎప్పుడూ రాకూడదు. అప్పంటే ఎవరు, ఎప్పటికి, ఎంత అని రాయాలి. వాటా అంటే మాస్టర్ రికార్డింగ్‌లో మీకు ఎక్కువ భాగం. నాకు నచ్చేది నాలుగో దారి: మీ అదనపు మొత్తం బ్యాండ్ మీకు వడ్డీ లేకుండా పడే బాకీ. అది రికార్డింగ్ రాబడిలోంచి, ప్రోగ్రామ్ కోతలోంచి మాత్రమే తిరిగొస్తుంది, ఎవరి జేబులోంచీ కాదు. బ్యాండ్ ఆగిపోతే బాకీ రద్దు. ఇందులో పోగొట్టుకునే అవకాశం మీదే కాబట్టి మొత్తానికి ఒక హద్దు రాసుకోండి, అది మొత్తం ఖర్చులో మూడో వంతు దాటకూడదు.

డ్రమ్మర్ పాత బాకీని ఈ ఖాతాలో కలపకండి. ‘నువ్వు వాయించిన కూలీలో కోసుకుంటా’ అంటే ఆయన డ్రమ్స్ వాయించడం బాకీ తీర్చే పని అవుతుంది, ఇక అది బ్యాండ్ కాదు. ఆయనతో ఒంటరిగా మాట్లాడి, ప్రోగ్రామ్ ఉన్న నెలలో ఇంత అని చిన్న మొత్తం ఒప్పుకోండి. లేదా అది రాదని నిర్ణయించుకుని మనసులో కొట్టేయండి. రెండూ చేయకుండా ఆయనకు కొత్త అప్పు కలపడం మాత్రం పనికిరాదు.

కాగితం ఒక్క పేజీ చాలు, సంతకాలు నాలుగు. పాటకు రెండు వేర్వేరు హక్కులుంటాయని గుర్తుంచుకోండి: రచన, బాణీల హక్కు ఒకటి, రికార్డింగ్ హక్కు ఇంకొకటి. రికార్డింగ్‌కు డబ్బు పెట్టినంత మాత్రాన మీరు పాట రాసినవారు కారు. అందువల్ల ఒక్కో పాటకు సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎంతెంత శాతం అని వేరుగా రాయండి, రికార్డింగ్‌లో వాటాలు వేరుగా రాయండి. బయటి ఇంజినీరుకు, వచ్చి వాయించిన సంగీతకారుడికి ఫీజుతో లెక్క పూర్తయిందో, రాబడిలో భాగముందో రాయించుకోండి. ఎవరైనా వెళ్లిపోతే వాళ్ల పాత వాటా కొనసాగుతుందా, బ్యాండ్ పేరు ఎవరికి మిగులుతుంది, డిస్ట్రిబ్యూటర్ ఖాతా పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది, ఇవీ రాయాలి. పాస్‌వర్డ్ ఒక్కరి చేతిలోనే ఉంటే ఆ ఒక్కరు అలిగిన రోజు రాబడి ఆగిపోతుంది. చాలా దేశాల్లో లాభం కోసం కలిసి పనిచేసి పంచుకునేవాళ్లను కాగితం లేకపోయినా భాగస్వాములుగా చూసే అవకాశం ఉంది, అంటే ఒకరు బ్యాండ్ పేరున చేసిన అప్పు అందరి మీదా పడవచ్చు. సంతకానికి ముందు మీ దగ్గరి న్యాయవాదికి ఒకసారి చూపించండి.

డిస్ట్రిబ్యూటర్ల దగ్గర రెండు పద్ధతులుంటాయి. ఏటా ఫీజు తీసుకునేవాళ్లు కొందరు, రాబడిలో కమీషన్ తీసుకునేవాళ్లు కొందరు. వార్షిక ఫీజు ఆపేస్తే కొన్నిచోట్ల పాటలు తీసేస్తారు, ఇది సంతకం ముందే చదవాలి. ప్రతి రికార్డింగ్‌కు దాన్ని గుర్తించే, అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడ్ ఇవ్వండి, వేరే కోడ్ ఇస్తే పాత వినికిడి లెక్క కొత్తదానికి చేరకపోవచ్చు. స్పాటిఫైలో ప్లేలిస్ట్ సంపాదకులకు పాట పంపాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందు వేయాలి, నాలుగు వారాలు పెట్టుకుంటే హాయి. రాబడి మీద ఆశలు పెంచుకోకండి. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట గత 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడితేనే దానికి రికార్డింగ్ రాయల్టీ లెక్కిస్తారు. మూడు పాటల ఖర్చు స్ట్రీమింగ్‌లోంచి వెనక్కి వస్తుందని ఏ లెక్కలోనూ వేయకండి. ఈ పాటలు మీకు తెచ్చేది ప్రోగ్రామ్‌లు ఇచ్చేవారి ముందు వినిపించగలిగే నమూనా. దాని విలువ మీ ప్రోగ్రామ్ ఫీజులో కనిపించాలి.

ముందస్తు కొనుగోళ్లతో డబ్బు తేవాలన్న ఆలోచన వస్తే, టీషర్టులు, డిస్కుల తయారీ, పంపే ఖర్చు ముందే లెక్కేయండి. కిక్‌స్టార్టర్ వంటి వేదిక వసూలైనదాంట్లో 5 శాతం, దానిపై చెల్లింపుల రుసుము తీసుకుంటుంది. లక్ష్యం చేరకపోతే ఒక్క పైసా రాదు.

‘కాదంటే బ్యాండే ఉండదేమో’ అన్న భయం గురించి ఒక మాట. ముగ్గురినీ కూర్చోబెట్టి, లోన్ తీసుకోనని ముందు చెప్పేసి, వెంటనే పది నెలల పట్టిక ముందు పెట్టండి. ఏ మూడు పాటలు అన్నదాని మీద వాదన మొదలైతే సంతోషించండి, డబ్బు విషయం దాటారన్నమాట. ఆ సంభాషణ ముగిసి, ఖాతాలో మొదటి నాలుగు వాటాలు పడే వరకు స్టూడియోకు అడ్వాన్సు కట్టకండి.