హైంకెల్ 219ని పక్కనపెట్టడం మిల్చ్ చేసిన తప్పేనా?

ప్రశ్న: "బరిలోకి దిగిన మొదటి రాత్రే అయిదు బాంబర్లను కూల్చిన హైంకెల్ 219ని జర్మనీ వేలల్లో ఎందుకు తయారు చెయ్యలేదు? మిల్చ్ మొండితనమే కారణమా?"

హైంకెల్ 219 అంటే రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట శత్రు బాంబర్లను వేటాడిన జర్మన్ విమానం. మిల్చ్ అప్పట్లో జర్మన్ వైమానిక దళానికి విమానాల తయారీ చూసుకున్న అధికారి. ఆయన మొండివాడే, కాదనను. కానీ ఈ ఒక్క విషయంలో, అంటే 219 బదులు యుంకర్స్ 88నే నమ్ముకోవడంలో, ఆయన లెక్కే కరెక్టు.

ఆ మొదటి రాత్రి కథని అందరూ సగమే చెబుతారు. 1943 జూన్ 11-12 రాత్రి బ్రిటిష్ బాంబర్లు డ్యుసెల్‌డార్ఫ్ మీదికి వచ్చాయి. హాలండ్‌లోని వెన్లో నుంచి వెర్నర్ స్ట్రైబ్, రాడార్ ఆపరేటర్ ఫిషర్ ఒక నమూనా హైంకెల్ 219లో లేచారు. సుమారు గంటా పావులో అయిదింటిని కూల్చారు. ఆ తర్వాత దిగేటప్పుడు, వేగం తగ్గించడానికి రెక్కల వెనక ఉండే ఫ్లాప్‌లు కిందికి వచ్చాయి గానీ అక్కడ లాక్ కాలేదు, మళ్ళీ లేచిపోయాయి. విమానం మితిమీరిన వేగంతో రన్‌వేని తాకి ముక్కలైపోయింది. కాక్‌పిట్ భాగం విడిపోయి జారుకుంటూ పోయింది. ఇద్దరూ చిన్న గాయాలతో బతికారు, విమానం మాత్రం తుక్కు.

పైగా అప్పటికి బ్రిటిష్‌వాళ్ళు రాడార్‌ని తికమక పెట్టే రేకు ముక్కలు చల్లడం మొదలుపెట్టలేదు. అది జూలై 24 రాత్రి హాంబర్గ్ మీద మొదలైంది. జూన్‌లో నేల మీది రాడార్, విమానంలోని లిక్టెన్‌స్టైన్ రాడార్ రెండూ శుభ్రంగా పనిచేస్తున్నాయి. స్ట్రైబ్ లాంటి చెయ్యి తిరిగిన పైలట్‌కి ఆ పరిస్థితుల్లో పాత మెస్సర్‌ష్మిట్ 110 ఇచ్చినా బాగానే ఆడేవాడు. జర్మన్ రాత్రి పైలట్ ష్నాఫర్ తన 121 విజయాలు సాధించింది ఆ 110 మీదే కదా! ఇక "పది రోజుల్లో ఆరు మస్కిటోలను (వేగంగా ఎగిరే బ్రిటిష్ విమానాలు) కూల్చింది" అనే మాట ప్రతి యూట్యూబ్ వీడియోలోనూ వినిపిస్తుంది. దానికి సరిపడే నష్టాలు బ్రిటిష్ రికార్డుల్లో లేవు. "హిట్లర్ రహస్య ఆయుధం" అని ఎర్రక్షరాల థంబ్‌నెయిల్ పెట్టేవాళ్ళకి ఇవన్నీ అక్కర్లేదనుకోండి.

అసలు చిక్కు ఇంజిన్ దగ్గరుంది. గంటకు 670 కిలోమీటర్లు అని రాసేది కాగితం మీది వేగం. యుద్ధంలో ఎగిరినవాటికి దక్కింది సుమారు 1,750 హార్స్‌పవర్ డీబీ 603ఏ ఇంజిన్. దాని మీద ముక్కున జింక కొమ్ముల్లాంటి యాంటెన్నాలు, ఎగ్జాస్ట్ మంటను దాచే గొట్టాలు, ఫిరంగులు, నిండా ఇంధనం. రెక్క వైశాల్యం 44.5 చదరపు మీటర్లే. ఒక ఇంజిన్ ఆగితే, ముఖ్యంగా టేకాఫ్‌లో, గండమే. పోనీ ఆ ఇంజినైనా కావలసినన్ని దొరికాయా అంటే, మెస్సర్‌ష్మిట్ 410కీ డోర్నియర్ 217 ఎన్‌కీ అదే కావాలి.

మిల్చ్ నమ్ముకున్న యుంకర్స్ 88 జి-1 సంగతి వేరు. అసెంబ్లీ లైన్లు అప్పటికే నడుస్తున్నాయి, మెకానిక్‌లకు విమానం అలవాటే, బీఎండబ్ల్యూ 801 ఇంజిన్, యుంకర్స్ 188 తోక. రెక్క 54.5 చదరపు మీటర్లు కాబట్టి బరువు పెరిగినా మర్యాదగా దిగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ముగ్గురు సిబ్బంది. 1944లో ఆపరేటర్ ముందు ఎస్‌ఎన్-2 అనే కొత్త రాడార్ తెరలు, శత్రు రాడార్ సంకేతాలను పసిగట్టే నాక్సోస్, ఫ్లెన్స్‌బర్గ్, రేడియో అన్నీ ఉండేవి. వాటిలో తల దూర్చినవాడు వెనక నుంచి వచ్చే మస్కిటోను ఎప్పుడు చూస్తాడు? 219లో ఉండేది ఇద్దరే కాబట్టి ఆ రెండు పనులూ ఒక్కడివే. ఎజెక్షన్ సీటు ఉండటం గొప్పే, కానీ అది దెబ్బ తిన్నాక పనికొచ్చేది.

ఎస్‌ఎన్-2 తరంగం మూడు మీటర్లకు పైనే కాబట్టి హాంబర్గ్‌లో చల్లిన 27 సెంటీమీటర్ల రేకులు దాన్ని ఏమీ చెయ్యలేకపోయాయి. బదులుగా పెద్ద యాంటెన్నాలు, తగ్గిన వేగం. మొదటి సెట్లలో దాదాపు 400 మీటర్ల లోపు లక్ష్యం తెర మీద మాయమయ్యేది. చీకట్లో అంత దూరం నుంచి కంటికి కనపడటం కష్టం, అందుకే కొన్నాళ్ళు ముక్కు మధ్యలో చిన్న లిక్టెన్‌స్టైన్‌ని కూడా ఉంచారు. 1944 జూలై 13న అనుభవం లేని సిబ్బంది దిక్సూచి పొరపాటుతో ఒక జి-1ను ఇంగ్లండ్‌లోని వుడ్‌బ్రిడ్జ్‌లో దింపడంతో ఎస్‌ఎన్-2 రహస్యం, ఫ్లెన్స్‌బర్గ్ రహస్యం రెండూ పోయాయి. బ్రిటిష్‌వాళ్ళు పొడవాటి రేకులు తెచ్చారు, వెనక నుంచి వచ్చే విమానాన్ని హెచ్చరించే, ఫ్లెన్స్‌బర్గ్ వాసన పట్టే మోనికా రాడార్‌ను తమ బాంబర్ల నుంచి పీకేశారు. ఆ రోజు పోయినదాన్ని ఏ విమానమూ తిరిగి తేలేదు.

కొత్త డిజైన్ మీద పందెం కడితే ఏమవుతుందో చూడాలంటే ఫోకె-వుల్ఫ్ టీఏ 154 ఉంది. చెక్క విమానం. దాన్ని అతికించే టేగో జిగురు తయారయ్యే వుప్పర్టాల్ ఫ్యాక్టరీ బాంబు దాడిలో పోయింది. బదులు వాడిన జిగురులో ఆమ్లం ఎక్కువై చెక్కనే తినేసింది. 1944 ఆగస్టుకి ప్రాజెక్టు మూత.

219లు మొత్తం 300 లోపే తయారయ్యాయి, యుంకర్స్ 88 జి రకాలు రెండు వేలకు పైగా. మిల్చ్‌ని తిట్టేవాళ్ళు ఆ రెండు వేలలో వేటిని తగ్గించి 219లు చేయించేవారో చెప్పాలి.

అమెరికాలో ఉన్నవాళ్ళు డల్లెస్ ఎయిర్‌పోర్టు పక్కన స్మిత్సోనియన్ మ్యూజియంలో మిగిలిన 219ని చూడొచ్చు. ఇంగ్లండ్‌లో ఉంటే కాస్ఫర్డ్‌కి వెళ్ళండి. 1943 మే 9న స్కాట్లండ్‌కి ఫిరాయించిన యుంకర్స్ 88 ఆర్-1 అక్కడ ఉంది, లిక్టెన్‌స్టైన్ మొదటిసారి బ్రిటిష్ చేతికి చిక్కింది దాంతోనే.