గురువారం మాత్ర, భీమవరం శాస్త్రవేత్త

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా మనవరాలికి ఆరేళ్లు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సరుకు హైదరాబాదులో వైద్యం చేయించి, ఇప్పుడు ఇంటి దగ్గరే మందులు వాడుతున్నాం. ప్రతి గురువారం మెథోట్రెక్సేట్ మాత్రలు వేస్తాం. పిల్ల పాలిపోయిందని, గర్భిణులకు ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేస్తామంటే డాక్టరు ఒప్పుకోలేదు. ఎందుకు? ఆకుకూరలు కూడా మానాలా? ఈ మందు మన భీమవరం సుబ్బారావు గారు కనిపెట్టిందేనని మావారు అంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అమ్మా, మీరు అడిగిన మూడింటికీ మూలం ఫోలిక్ యాసిడే. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ తయారు కావాలి. అందుకు ఈ విటమిన్ తప్పనిసరి. లుకేమియాలో రక్తం తయారయ్యే ఎముక మజ్జను ముదరని తెల్ల కణాలు ఆక్రమిస్తాయి. ఊద పెరిగిన చేలో ఎరువు చల్లితే వరితోపాటు ఊద అనే కలుపు కూడా ఏపుగా లేస్తుందని మీ ప్రాంతంలో వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ ఫోలిక్ యాసిడ్ ఆ ఎరువు, క్యాన్సరు కణాలు ఆ ఊద.

ఆ సంగతి బయటపడిన తీరులోనే మీవారి మాటకు జవాబు ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన సోదరులిద్దరు రోజుల తేడాలో చనిపోగా, తరవాత ఆయనకూ అదే జబ్బు వచ్చి తగ్గింది. మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ వెళ్లి, హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో అమెరికాలోనే లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరారు. 1940ల నడుమ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. బోదకాలు మాత్రల్లోని డీఈసీ మందు కూడా ఆ ప్రయోగశాలదేనని చాలామందికి తెలియదు.

బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేసే సిడ్నీ ఫార్బర్, లుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూడగా, జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా ముదిరినట్టు కనిపించింది. అలాగైతే దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే ఏమవుతుందని ఆయన ఆలోచించేనాటికి, సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను పోలిన పదార్థాలను తయారు చేస్తోంది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్, ఫోలిక్ యాసిడ్‌ను వాడుకలోకి తెచ్చే ఎంజైమును పట్టుకొని కదలనివ్వదు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లలకు 10 మందిలో మెరుగు కనిపించింది; అయితే అది తాత్కాలికమే. అదే విధంగా పనిచేసే, దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ త్వరలోనే దాని స్థానంలోకి వచ్చింది. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో, 53వ ఏట మరణించారు.

కాబట్టి మీవారి మాట నిజమే, కాని ఆ ఘనత ఒక్కరిది కాదు. మందును ప్రయోగశాలలో తయారు చేసిన రసాయనికులదీ, పిల్లల మీద పరీక్షించే సాహసం చేసిన ఫార్బర్‌దీ అందులో భాగముంది. పక్కవారి పేరు చెప్పినంత మాత్రాన మనవాడి గొప్ప తగ్గిపోతుందని నేననుకోను. అనేక మందులను కలిపి ఇవ్వడం 1960లలో నేర్చుకున్నాకే పూర్తిగా నయమయ్యే దారి తెరుచుకుంది. నేడు చికిత్స చివరిదాకా సాగితే ఈ రకం లుకేమియా పిల్లల్లో అత్యధికులు కోలుకుంటున్నారు.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారికి ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. ఆ చీటీ చూసి మీ మనవరాలికి వేయకండి, అక్కడ మోతాదూ ఉద్దేశమూ వేరు. అన్నిటికన్నా ముఖ్యం, గురువారం మాత్రను పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. మెర్కాప్టోప్యూరిన్ వంటి రోజువారీ మాత్రలు కూడా ఉంటే, రెండింటినీ వేరు వేరు డబ్బాల్లో పెట్టి, వారం పేరు పైన రాయండి. మాత్ర మింగాక వాంతి అయితే మళ్లీ వేయకుండా ఆసుపత్రికి ఫోను చేసి అడగండి.

ఆకుకూరలు మానక్కరలేదు. తోటకూర, మునగాకు బాగా కడిగి, ఉడికించి పెట్టండి. భోజనంలో వచ్చేది మాత్రలో ఉండేంత మోతాదు కాదు. పాలిపోవడానికి కారణం ఐరన్ లోపమే అనుకోవద్దు. మజ్జ మీద మందుల ప్రభావం కూడా కావచ్చు. అది రక్త పరీక్షలో తెలుస్తుంది. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్రం పరీక్ష తేదీ వచ్చేదాకా ఆగకుండా, రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.