ఏడుపు రావట్లేదంటే గట్టిపడినట్టేనా?

ప్రశ్న: నా వయసు 34. ఎనిమిదేళ్లుగా ఎమర్జెన్సీలో నర్సుగా చేస్తున్నాను. బెడ్లు చాలక స్ట్రెచర్ల మీదే వైద్యం చేస్తుంటాం. మొదట్లో ఎవరైనా చనిపోతే ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని. ఇప్పుడేమీ అనిపించడం లేదు. రోగి బంధువులు ఏదైనా అడిగితే చిరాకు వస్తోంది. నైట్ డ్యూటీ తర్వాత నిద్ర పట్టదు. ‘గట్టిపడ్డావు’ అని సీనియర్లు మెచ్చుకుంటున్నారు. నాకేమో భయంగా ఉంది.

సలహా: సీనియర్ల మెప్పు కంటే మీ భయాన్నే నేను నమ్ముతాను. గట్టిపడటం వేరు, మొద్దుబారడం వేరు. తట్టుకునే శక్తి ఉన్నవాళ్లకూ బాధ కలుగుతుంది, కాకపోతే కొంత విశ్రాంతి దొరికితే తేరుకుంటారు. రెండు రోజులు సెలవు తీసుకున్నాక కూడా డ్యూటీ పేరు వింటేనే నీరసం వస్తోందా? అయితే అది బర్నవుట్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాకుండా, పనిచోట అదుపు తప్పిన ఒత్తిడి ఫలితంగా వర్ణించింది. ఒంట్లో శక్తి ఉడిగిపోవడం, పని మీద విరక్తి, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం దాని లక్షణాలు.

మీ ఉత్తరంలో ఇంకొకటి కనిపించింది. రోగికి ఏం చేయాలో తెలిసి కూడా చేయలేకపోవడం. అమెరికా తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లో నర్సుల గురించి రాస్తూ దీనికి ‘నైతిక వేదన’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఎమర్జెన్సీ కిక్కిరిసిపోవడానికి ఒక పెద్ద కారణం, అడ్మిట్ అయిన రోగులు వార్డులో బెడ్ దొరక్క అక్కడే ఉండిపోవడం. అంటే వార్డు పని, ఎమర్జెన్సీ పని రెండూ మీ మీదే పడుతున్నాయి. ధ్యానం చేస్తే బెడ్లు ఖాళీ కావు కదా! అందుకే ఇన్‌ఛార్జితో ‘టెన్షన్‌గా ఉంది’ అని ఊరుకోకండి. ఆ షిఫ్టులో ఎంతమందిని చూశారో, ఏ మందు ఎంత ఆలస్యమైందో రాసివ్వండి. కాగితం మీద పడిన లెక్కను పక్కన పెట్టేయడం కష్టం.

ఎవరైనా చనిపోయినప్పుడు టీమ్ అంతా ఒక్క నిమిషం మౌనంగా నిలబడటం కూడా మేలు చేస్తుంది. అమెరికాలో జోనథన్ బార్టెల్స్ అనే నర్సు మొదలుపెట్టిన పద్ధతి ఇది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఒంటిని కూడా చూసుకోవాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ సమస్య ఉన్నా ఇలాంటి నీరసమే వస్తుంది. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి డ్యూటీ రెండో సగంలో కాఫీ మానేయండి. వీలైతే విరామంలో 20 నిమిషాలు కునుకు తీయండి. పగలు పడుకునే గదిలోకి వెలుతురు రానివ్వకండి. నిద్రమత్తులో బండి మాత్రం నడపొద్దు. చేతికందే చోట ఉన్నాయి కదా అని నిద్రమాత్రలు వేసుకోకండి. మన వృత్తిలో ఈ పొరపాటు చేసేవాళ్లు, డాక్టర్లతో సహా, తక్కువేం కాదు.

దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటినా, చనిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సైకియాట్రిస్టును కలవండి. ఆ ఆలోచన వస్తే వారాలు లెక్కపెట్టకుండా ఆ రోజే వెళ్లాలి. ఈలోగా మీ ఆఫ్ రోజున అదనపు డ్యూటీకి ఫోన్ వస్తే, కారణాలు చెప్పకుండా, ‘రాలేను’ అనండి.